చేతిపని: తుప్పు పట్టిన పిస్టల్‌కి ఎంతవరకు వైద్యం?

పోయిన నెల కుట్టుమిషన్ గురించి రాస్తే చాలామంది అక్కలు, వదినలు ఫోన్ చేసి సందేహాలు అడిగారు. ఈ నెల వస్తువు పేరు చూసి వాళ్లలో కొందరు పేజీ తిప్పేస్తారేమో. ఒక్క నిమిషం ఆగండి. ఇందులో ఇంటి పెద్దలందరూ తెలుసుకోవాల్సిన ముచ్చట ఒకటుంది. దాన్ని ముందే చెప్పేస్తాను. స్క్రూడ్రైవర్ పని ఆ తరువాతే.

ఈ నెల వస్తువు పిస్టల్. ఎవరో వాడి పడేస్తే, ఏళ్లతరబడి మూలన పడి తుప్పు తిన్న పాత పిస్టల్. మందుగుండుతో పేలేది కాదు, గాలితో కొట్టేది. మన షోలాపూర్ గడ్డా జాత్రలో బెలూన్లు కొట్టే గన్ ఉంటుంది చూడండి, దానికి తమ్ముడు అనుకోండి.

ముందు చట్టం

పిస్టల్ అనే మాట ఒకటే గాని చట్టం ముందు అవి రెండు వేరు వేరు వస్తువులు.

మందుగుండుతో తూటా పేల్చేది ఆయుధం. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా దాన్ని ఇంట్లో పెట్టుకోవడమే నేరం. అది అందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటుంది. లైసెన్సు లేకుండా దాన్ని రిపేరు చెయ్యడం కూడా ఆ చట్టం కింద నేరమే. మన దగ్గర లేత్ ఉంది, వైస్ ఉంది, ముప్పై ఏళ్లు మిల్లులో ఫిట్టర్‌గా చేసిన చెయ్యి ఉంది. అయినా సరే, దాని స్క్రూ విప్పే హక్కు మనకు లేదు. ఎవరైనా వచ్చి "కాకా, చిన్న పని, స్ప్రింగ్ ఒక్కటి చూసి పెట్టు, అడిగినంత ఇస్తా" అంటే చెయ్యి కడుక్కుని లేచి వచ్చెయ్యండి. ఆ స్ప్రింగ్ మీ ఇంటిని జైలు గేటు దాకా తీసుకుపోతుంది.

ఇంకో సంగతి. మన పాత ఇళ్లలో తాతల ట్రంకు పెట్టెలున్నాయి. వాటిలో ఎప్పుడైనా అలాంటిది బయటపడితే ఏం చెయ్యాలి? శుభ్రం చెయ్యొద్దు. లోపల తూటా ఉందా లేదా అని చూడొద్దు, ట్రిగ్గర్ ముట్టొద్దు. పిల్లలను బయటికి పంపి, ఆ గదికి తాళం వేసి, దగ్గరి పోలీసు ఠాణాకు కబురు పెట్టండి. వస్తువును సంచిలో వేసుకుని మీరే ఠాణాకు మోసుకుపోకండి. లైసెన్సు ఉన్న మనిషి చనిపోయినా, లైసెన్సు గడువు తీరిపోయినా ఆ ఆయుధాన్ని ఆలస్యం చెయ్యకుండా ఠాణాలోగాని, లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలోగాని జమ చెయ్యాలని చట్టంలో 21వ సెక్షన్ చెబుతుంది. జమ చేసిన తరువాత వారసులు లైసెన్సు తెచ్చుకుని తీసుకోవచ్చు, లేదా అర్హత ఉన్నవాళ్లకు అమ్ముకోవచ్చు. జమ చేసిన రసీదు మాత్రం తప్పకుండా తీసుకోండి. భయపడి బావిలోనో మోరీలోనో పడేస్తే మాత్రం లేని కష్టం కొని తెచ్చుకున్నట్టే.

ఇక గాలి పిస్టల్ సంగతి. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం గొట్టం లోపలి వెడల్పు 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, గుండు బయటికొచ్చే బలం 20 జౌళ్లు మించకుండా ఉంటే దానికి లైసెన్సు అక్కర్లేదు. పాత స్ప్రింగు పిస్టళ్ల బలం అందులో సగం కూడా ఉండదు. కాని వెడల్పు చూసుకోవాలి. కొన్ని 5.5 మిల్లీమీటర్లవి కూడా వస్తాయి, వాటిని కొనొద్దు. ఎవరి దగ్గర కొన్నా మీ గుర్తింపు కాగితం నకలు ఇచ్చి, చీటీ రాయించుకుని దాచుకోండి.

వస్తువు నా దగ్గరికి వచ్చిన తీరు

మా వెనక గల్లీలో ఒకాయన ఉన్నాడు. ఇంట్లోనే రెండు సాంచాలు, టవళ్లు నేస్తాడు. మిల్లు మూతబడ్డప్పుడు వాళ్ల నాయిన చేతికొచ్చిన పైసలతో పెట్టినవి ఆ సాంచాలు. భార్య బీడీలు చేస్తుంది. బిడ్డ తొమ్మిదో తరగతి. బడి నుంచి ఒక శిబిరానికి తీసుకుపోతే అక్కడ ఎయిర్ పిస్టల్ పట్టుకుంది. నేర్పించే సారు ఆ పిల్ల చెయ్యి చూసి, "వణుకు తక్కువ, నేర్పిస్తే పైకొస్తది" అన్నాడంట. ఆ ఒక్క మాట ఇంట్లో దీపం పెట్టింది.

పెట్టదా మరి. మన పక్క కొల్హాపూర్ బిడ్డ రాహీ సర్నోబత్ 2018 ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో బంగారం తెచ్చింది. హైదరాబాద్ బిడ్డ ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో వెండి తెచ్చింది. 2024లో ప్యారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్ రెండు కంచు పతకాలు తెచ్చినప్పుడు ఆ పిల్ల పేపర్లో ఫొటో కత్తిరించి గోడకు అతికించుకుంది.

ఆయన ఒక సాయంత్రం భంగార్ దుకాణం నుంచి గుడ్డలో చుట్టిన మూట తెచ్చి నా ముందు పెట్టాడు.

"కాకా, తొమ్మిది వందలు ఇచ్చిన. ఇది బాగైతే బిడ్డ పోటీలకు పోతది. కాదంటే ఒక సాంచా అమ్మి కొత్తది కొంట."

"సాంచా మాట తరువాత. ముందు ఇది ఏందో చూద్దాం" అన్నాను.

గుడ్డ విప్పితే మడిచి తెరిచే రకం పాత జర్మన్ పిస్టల్. మోడల్ నంబరు తుప్పులో కలిసిపోయింది. గొట్టం మొదట్లో గుర్తు మాత్రం మిగిలింది. విల్లు కింద పడేసి, గన్ పైకెత్తి నిలబడిన ఆడమనిషి. అది డయానా కంపెనీ గుర్తు. జర్మనీలో రాష్టాట్ అనే ఊళ్లో 1890లో మొదలైన కంపెనీ. వేట దేవత విల్లు పారేసి మా గన్ పట్టుకుందని వాళ్ల గొప్ప.

పైన అంతా ఎర్రటి తుప్పు. చెక్క పిడి మీద జిడ్డు. గొట్టం మడిస్తే స్ప్రింగ్ కిర్రుమంటూ వస్తోంది. ఒక ఛర్రా పెట్టి మట్టి బస్తా వైపు కొడితే అది ముందున్న అట్టకు తగిలి కింద పడింది. ఈ ప్రాణం ఎక్కడ పోయింది?

లోపల ఏముంటుంది

దీని పని తీరు తెలియాలంటే సైకిల్ పంపు తెలిస్తే చాలు. ఒక గుండ్రని సిలిండర్, అందులో పిస్టన్, పిస్టన్ వెనక బలమైన స్ప్రింగ్. గొట్టాన్ని కిందికి మడిచినప్పుడు ఒక కడ్డీ పిస్టన్‌ను వెనక్కి నెట్టి స్ప్రింగ్‌ను నొక్కుతుంది. ట్రిగ్గర్ కొక్కెం దాన్ని పట్టుకుంటుంది. గొట్టం మొదట్లో ఛర్రా పెట్టి మూసేస్తాం. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం వదిలి, పిస్టన్ ముందుకు దూసుకుపోయి, సిలిండర్లో ఉన్న గాలిని ఒక్క దెబ్బకు నొక్కుతుంది. ఆ గాలి చిన్న రంధ్రంలోంచి పోయి ఛర్రాను తోస్తుంది. సీసాలో గాలి నింపేది ఏమీ లేదు. ప్రతి దెబ్బకూ అప్పటికప్పుడు పుట్టే గాలే.

అయితే గాలి పక్కనుంచి కారిపోకుండా పిస్టన్ మొహం మీద తోలు వాషర్ ఉంటుంది. పాత స్టవ్ పంపులో ఉండే గిన్నె లాంటి తోలు వాషరే. గొట్టం, సిలిండర్ కలిసే చోట ఇంకో చిన్న తోలు చుట్టు ఉంటుంది. స్ప్రింగ్ ఎంత బలంగా ఉన్నా, ఈ రెండు తోళ్లు ఎండిపోతే పిస్టల్ దగ్గుతుంది గాని కొట్టదు. పాత పిస్టల్ పని చెయ్యకపోతే నూటికి తొంభై సార్లు తప్పు తోలుదే, స్ప్రింగుది కాదు. కొందరు ఇది తెలియక పొడుగు స్ప్రింగ్ తెచ్చి వేస్తారు. దానితో ట్రిగ్గర్ కొక్కెం విరుగుతుంది, పిస్టన్ మొహం చితుకుతుంది. బలం పెంచబోతే చట్టం గీత కూడా దగ్గరికొస్తుంది.

మిల్లులో చేసినవాళ్లకు ఈ తోలు కథ కొత్త కాదు. లాంకషైర్ మగ్గంలో నాడెను కొట్టే పికర్ గేదె తోలుదే కదా. కొత్త పికర్లను నూనెలో నానబెట్టి, ఆరబెట్టి, నెలల తరువాత మగ్గం మీదికి ఎక్కించేవాళ్లం. నూనె తాగని పికర్ వారానికే చీలిపోయేది.

విప్పే ముందు

విప్పేటప్పుడు రెండు ప్రమాదాలు. మొదటిది వేళ్లకు. గొట్టం మడిచి ఉన్నప్పుడు పొరపాటున ట్రిగ్గర్ వదిలిందంటే గొట్టం ఒక్కసారిగా పైకి మూసుకుంటుంది, మధ్యలో వేలు ఉంటే నలిగిపోతుంది. కాబట్టి మడిచిన గొట్టాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకునే ఉండాలి, ఛర్రా పెట్టేటప్పుడు కూడా. రెండోది కంటికి. స్ప్రింగ్ సిలిండర్లో ముందే నొక్కి పెట్టి ఉంటుంది. వెనక మూత వదులు చేశామంటే అది బాణంలా బయటికొస్తుంది. మొహం ఎదురుగా పెట్టుకుని విప్పకూడదు. పొడుగు క్లాంపుతో మూతను నొక్కి పట్టి, పిన్ను తీసి, క్లాంపును మెల్లమెల్లగా వదలాలి. కళ్లకు అద్దాలు తప్పనిసరి.

స్క్రూలు తుప్పులో అతుక్కుపోయి ఉంటే బలం పెట్టొద్దు. కిరోసిన్‌లో కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపి, ఒక్కో స్క్రూ మీద రెండు చుక్కలు వేసి మూడు రోజులు వదిలెయ్యండి. కిరోసిన్ దొరక్కపోతే డీజిల్ అయినా సరే. రోజుకోసారి స్క్రూ తల మీద చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడిలో నిండుగా కూర్చోవాలి. సన్నగా ఉంటే గాడి చెడిపోతుంది. నేను పాత స్క్రూడ్రైవర్ ఒకటి ఆ గాడికి సరిపోయేట్టు అరగదీసి పెట్టుకున్నాను. నాలుగో రోజు అన్నీ వచ్చాయి.

ఒక్కో ముక్క విప్పినప్పుడల్లా ఆ పిల్ల నోట్‌బుక్కులో బొమ్మ గీసి, అంకె వేసి, ముక్కను అదే అంకె ఉన్న కాగితం మీద పెట్టింది. జాబర్ల దగ్గర ఎవరూ నేర్పని పద్ధతి. మాకైతే అంతా గుర్తే.

తుప్పు

తుప్పు చూడగానే మనవాళ్లకు రెండు పనులు గుర్తొస్తాయి. ఒకటి ఎమ్రీ కాగితం, రెండోది సండాసు కడిగే యాసిడ్. రెండూ వద్దు. ఎమ్రీ తుప్పుతోపాటు ఇనుమును కూడా తింటుంది, గుర్తులూ అంకెలూ అరిగిపోతాయి. యాసిడ్ ఇనుము మీద ఉన్న నల్లపూతను మొత్తం లేపేస్తుంది. ఆ నల్లదనం రంగు కాదు. ఇనుమును తుప్పు నుంచి కాపాడడానికి కంపెనీ వాళ్లు దాని మీదే పుట్టించిన పొర.

హార్డ్‌వేర్ దుకాణంలో అన్నిటికన్నా మెత్తగా ఉండే ఇనుప పీచు అడగండి. గిన్నెలు తోమే ముతకది కాదు. దాన్ని పలచటి నూనెలో ముంచి, బొటనవేలితో చిన్న చిన్న గుండ్రాలుగా రుద్దండి. ఎర్రటి బురద వస్తుంది. గుడ్డతో తుడిచి మళ్లీ రుద్దండి. మేము మూడు సాయంత్రాలు ఆ పనే చేశాం. ఎర్ర తుప్పు పోయింది. లోపలికి తిన్నచోట చిన్న చిన్న గుంటలు మిగిలాయి. అవి పోవు. పోగొట్టాలంటే చుట్టూ ఉన్న మంచి ఇనుము అంతా అరగదియ్యాలి. ఆ పని చెయ్యనివ్వలేదు.

గొట్టం లోపల సన్నటి మెలికల గాళ్లు ఉంటాయి, ఛర్రాను తిప్పి పంపేవి అవే. ఇనుప తీగ పెట్టి పొడవొద్దు. గట్టి నైలాన్ దారం మడతలో చిన్న నూలు గుడ్డ ముక్క కట్టి, నూనెతో తడిపి, వెనకనుంచి ముందుకు లాగండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా లాగాలి. మాకు పద్నాలుగు ముక్కలు పట్టాయి.

తోలు

పిస్టన్ మొహం మీద పాత వాషర్ ఎండి, అప్పడంలా విరిగింది. కొత్తది చెయ్యాలి. చెప్పులు కుట్టే ఆయన దగ్గర బెల్టుకు వాడే మూడు మిల్లీమీటర్ల మందం తోలు ముక్క తెచ్చాం. గుండ్రంగా కత్తిరించి, మంచినీళ్లలో నానబెట్టి, సిలిండర్ వెడల్పు రంధ్రం ఉన్న ఇనుప చక్రంలోకి ఒక కడ్డీతో నొక్కి వదిలేశాం. ఒకటిన్నర రోజులో ఆరి గిన్నె ఆకారం నిలిచింది. అంచులు పదునైన బ్లేడుతో సమానంగా కోశాం. గిన్నె నోరు ముందుకు ఉండాలి, గాలి వైపు. గాలి నొక్కినప్పుడు ఆ అంచు విచ్చుకుని సిలిండర్ గోడకు అతుక్కుంటుంది. తిరగేసి పెడితే గాలి జారిపోతుంది.

ఆ తరువాత నూనె. మిల్లులో తోలు పట్టాలకు ఆముదం రాసేవాళ్లం, అదే వాడాను. ఒక రాత్రి నానబెట్టి, తీసి బాగా తుడిచి, పేపర్లో చుట్టి ఇంకో రోజు ఉంచాం, మిగులు నూనెను పేపర్ తాగేసింది. ఈ తుడవడం ముఖ్యం. పిస్టన్ గాలిని నొక్కినప్పుడు ఆ గాలి బాగా వేడెక్కుతుంది. ముందు భాగంలో నూనె ఎక్కువ ఉంటే, డీజిల్ ఇంజన్‌లో అయినట్టే అంటుకుంటుంది. "టప్" అని పెద్ద శబ్దం, పొగ. పిల్లలు అది చూసి బలం పెరిగిందనుకుంటారు. నిజానికి తోలు కాలుతుంది, స్ప్రింగ్ దెబ్బ తింటుంది. అందుకే సిలిండర్‌లో డీజిల్‌గాని కిరోసిన్‌గాని ఒక్క చుక్క కూడా మిగలకూడదు.

స్ప్రింగ్‌ను గాజు పలక మీద దొర్లించి చూశాం. వంకర లేదు, సాఫీగా దొర్లింది. పలచగా గ్రీజు పూసి అదే పెట్టాం. ట్రిగ్గర్ కొక్కేన్ని కడిగి తుడిచాం, అంతే. ఆకురాయి దగ్గరికి కూడా రానివ్వొద్దు. ఆ ఇనుముకు పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది. అది అరిగిందంటే పిస్టల్ తనంతట తాను పేలుతుంది.

చెక్క పిడిని తడిగుడ్డతో తుడిచి, ఆరాక అవిసె నూనె పలచగా మూడుసార్లు పట్టించింది ఆ పిల్ల. వార్నిష్ వెయ్యలేదు. ఒక జాగ్రత్త. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడెయ్యకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నూలు, దూది ఉన్న ఇళ్లు మనవి. గుడ్డను బయట తీగ మీద పరిచి ఆరెయ్యండి.

పరీక్ష

బిగించాక మొదటి పని బలం చూడడం కాదు, కొక్కెం చూడడం. ఛర్రా పెట్టి, మూసి, మట్టి బస్తా వైపు చూపించి, పిడిని అరచేత్తో నాలుగుసార్లు తట్టాను. వదల్లేదు. అప్పుడు ట్రిగ్గర్ నొక్కాను. మొదటి అయిదారు దెబ్బలకు కొంచెం పొగ వచ్చింది, తరువాత ఆగింది. ముందు అట్టకు తగిలి పడిపోయిన ఛర్రా ఇప్పుడు అట్ట దాటి వెనక చెక్కలో దిగింది. తండ్రీబిడ్డల మొహాలు చూడాలి అప్పుడు.

ఛర్రా లేకుండా ఉత్తిగా మాత్రం కొట్టకండి. ఎదురుగా అడ్డు లేకపోతే పిస్టన్ పోయి సిలిండర్ మొహానికి గుద్దుకుంటుంది.

ఆ తరువాతే అసలు లెక్క. ఇసుక సంచి మీద చెయ్యి ఆనించి, ఆరు మీటర్ల దూరం నుంచి పది ఛర్రాలు కొట్టాను. పది రంధ్రాలూ ఒక బీడీ కట్ట మొహమంత చోటులో పడ్డాయి. ఆయన సంబరపడ్డాడు. నేను ఆయన చొక్కా గుండీ చూపించాను.

"పోటీలో నడిమి చుక్క వెడల్పు 11.5 మిల్లీమీటర్లు. ఈ గుండీ అంత. దూరం పది మీటర్లు. చెయ్యి దేనికీ ఆనించకూడదు, ఒక్క చేత్తోనే పట్టాలి. పెద్దల పోటీలో అరవై దెబ్బలు. నేను ఆనించి, దగ్గరనుంచి కొడితే ఇంత చెదిరింది. ఇది దీని తప్పు కాదు. స్ప్రింగ్ వదిలినప్పుడు లోపల బరువు ముందుకు దూకుతది, పిస్టల్ చేతిలో ఎగురుతది. ఇప్పటి పోటీ పిస్టళ్లకు స్ప్రింగ్ ఉండదు, ముందే నింపిన గాలి సీసా ఉంటది. అవి ఎగరవు."

"అయితే సాంచా అమ్ముడేనా?" అన్నాడు. గొంతు పడిపోయింది.

పేరున్న విదేశీ పోటీ పిస్టల్ లక్షకు పైమాట. ఒక సాంచా అమ్మితే అది కూడా రాదు. వచ్చినా, ఇంట్లో సగం కూలి పోతుంది. ఆ బరువు ఆ పిల్ల భుజం మీద ఉంటే చెయ్యి వణక్కుండా ఎట్లా ఉంటుంది? ఈ మాట ఆ పిల్ల ముందే చెప్పాను. ఆమెకు తెలియాల్సిన మాటే అది.

ఇప్పుడేం చెయ్యాలో కూడా చెప్పాను. నేర్చుకునే చోట వాళ్ల పిస్టల్ ఉంటుంది, గంటకింత అని ఇచ్చి దానితోనే నేర్చుకోవాలి. ఒక ఏడాదిపాటు మార్కులు కాగితం మీద రాసుకోవాలి. మార్కులు నిలకడగా పెరిగితే అప్పుడు కొనే ముచ్చట. ఆ కాగితం చూపిస్తే సంఘం పెద్దలనూ, బడినీ సాయం అడగడానికి మొహం ఉంటుంది. ఉత్త చేతులతో పోతే ఎవరూ వినరు.

"మరి ఇన్ని రోజులు దీనితో ఎందుకు కష్టపడ్డం తాతా?" అంది పిల్ల.

ఎందుకంటే ఈ పిస్టల్ ఇంట్లో ఉంటుంది. రోజూ సాయంత్రం దీన్ని బిగించకుండా, ఛర్రా లేకుండా, తెల్ల గోడ వైపు అర నిమిషం ఎత్తి పట్టుకోవచ్చు. ముందు ముల్లు, వెనక గాడి సమానంగా నిలిచాయా లేదా చూసుకోవచ్చు. ట్రిగ్గర్ నొక్కే అవసరమే లేదు. భుజానికి బలం, కంటికి ఓపిక దీనితో వస్తాయి. గురి మాత్రం అక్కడి పిస్టల్‌తో నేర్చుకోవాలి.

ఇది మూడు నెలల కిందటి మాట. ఆదివారాలు ఆ పిల్ల నేర్చుకోవడానికి పోతోంది. మొదటి కాగితం మీద పది దెబ్బలకు నూటికి 61. పోయిన వారం 78. మధ్యలో 55 కూడా ఉంది, అదీ చెరపకుండా రాసుకుంది. ఇంట్లో రెండు సాంచాలూ నడుస్తున్నాయి.

ఇంకోటి గమనించాను. పిస్టల్‌లో అరిగిపోయిన ముక్క ఒక్కటి కూడా లేదు. కొక్కెం బాగుంది, స్ప్రింగ్ బాగుంది, గాళ్లు బాగున్నాయి. వాడి చెడింది కాదు, వాడక చెడింది. తడి గుడ్డలో చుట్టి మూలన పడేశారు, తోలుకు నూనె అందలేదు. మిల్లు మూతబడ్డ తరువాత మన గల్లీల్లో ఎంతమంది మంచి పనివాళ్లు అట్లా మూలన కూర్చున్నారో మీకూ తెలుసు. వాళ్లను పిలిచి పిల్లల ముందు ఒక పని చెయ్యమనండి. చేతులు ఇంకా మరిచిపోలేదు.

ఖర్చు లెక్క: పిస్టల్ 900, ఇనుప పీచు, నూనెలు, గ్రీజు కలిపి 240, ఛర్రాల డబ్బా 180, తోలు ముక్క ఉచితం (చెప్పులాయన పైసలు తీసుకోలేదు, చాయ్ తాగాడు). మొత్తం 1,320 రూపాయలు, తొమ్మిది సాయంత్రాలు.

గోడకు అతికించుకోవాల్సినవి:

గాలి పిస్టల్ కూడా కన్ను తీస్తుంది. నిండి ఉన్నా లేకున్నా మనిషి వైపు, కుక్క వైపు, పిట్ట వైపు చూపించకూడదు.

కొట్టే వైపు వెనక మట్టి బస్తాగాని మందమైన చెక్కగాని ఉండాలి. రేకు, రాయి, సిమెంటు గోడ పనికిరావు, ఛర్రా తిరిగి వస్తుంది.

ఛర్రాలు సీసంవి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. నోట్లో పట్టుకోకూడదు. బీడీ ఆకుల దగ్గర, అన్నం దగ్గర పెట్టకూడదు.

పెద్దవాళ్లు లేకుండా పిల్లల చేతికి ఇవ్వొద్దు. ఛర్రాలు ఒక చోట, పిస్టల్ ఇంకో చోట తాళం వేసి పెట్టండి. తోలు సంచిలో దాచొద్దు, చెమ్మ పట్టి మళ్లీ తుప్పు వస్తుంది. నూనె గుడ్డతో తుడిచి పొడి పెట్టెలో పెట్టండి.

నడుముకు దోపుకుని బయట తిరగొద్దు, రీల్స్ తియ్యొద్దు. దూరంనుంచి చూసే పోలీసుకు అది గాలిదో మందుదో తెలియదు.

వచ్చే నెల: ప్రెషర్ కుక్కర్ ఎందుకు కూత వెయ్యదు, వాల్వు ఎప్పుడు మార్చాలి. మీ ఇంటి కుక్కర్ మీద ఏ సందేహం ఉన్నా కార్డు రాయండి, లేదా పత్రిక ఆఫీసులో చెప్పి పొండి.